కిటికీ లేని గదిలో నాలుగు రాత్రులు

కిందటి సంచికలో మా ఓడ ప్రయాణం గురించి రాశాను. మా అబ్బాయి టిక్కెట్లు కొనిస్తే నేనూ మావారూ కార్తీకంలో సింగపూర్ వెళ్ళాం. అక్కడ 16 అంతస్తుల ఓడెక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసుకుని, నాలుగు రాత్రుల తరవాత మళ్ళీ సింగపూర్‌లోనే దిగాం. ఆ వ్యాసంలో ఊళ్ళ గురించి పేజీలకి పేజీలు రాసి, మేం ఉన్న గది గురించి మాత్రం "చిన్నదే గానీ శుభ్రంగా ఉంది" అని ఒక్క ముక్కతో వదిలేశాను. వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఆ గది గురించే. నిజమే, అడగాల్సిన సంగతే అది. అందుకని ఈ నెల ప్రశ్నల పేజీలో వాటికే జవాబులు రాస్తున్నాను.

కొత్తగా చదివేవారికి ఒక్క మాట. మాది శ్రీకాకుళం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు వంశధార కాలవల మీద పనిచేసి రిటైరయ్యారు. ఓడ పేరు, టిక్కెట్లిచ్చిన ఏజెంటు పేరు నేను రాయను, అవి అడక్కండి.

"మేమిద్దరం వచ్చే ఏడాది వెళ్దామనుకుంటున్నాం. కిటికీ లేని గదైతే బాగా తక్కువకి వస్తుందంటున్నారు. గది పడుకోడానికేగా అని మా ఆయన అంటున్నారు. తీసుకోవచ్చా టీచరుగారూ?" (ఒక పాఠకురాలు, రాజాం)

అమ్మా, మా ఏజెంటు కూడా అచ్చం ఆ మాటే అన్నాడు. "గది పడుకోడానికే కదా మేడం, పగలంతా పైనే ఉంటారు" అని. పాతికేళ్ళ పిల్లలకి ఆ మాట చెల్లుతుంది. అరవై దాటినవాళ్ళకి చెల్లదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మావారు ఒక గంట నడుం వాల్చాలి. నాకు మోకాళ్ళ నొప్పులు. ఈత కొలను పక్కన ఆ పాటల హోరులో ఎంతసేపని కూర్చుంటాం? ఇంటికొచ్చాక లెక్కేసుకుంటే రోజుకి పదమూడు, పద్నాలుగు గంటలు మేం గదిలోనే ఉన్నట్టు తేలింది. మన వయసువాళ్ళకి ఆ నాలుగు రోజులూ ఇల్లంటే అదే.

గది సుమారు 160 చదరపు అడుగులు. అంటే మన లెక్కలో పది బై పదహారు. ఆ కొలతలోనే మంచం, బట్టల బీరువా, అద్దం ఉన్న బల్ల, ఒక కుర్చీ, బాత్రూం అన్నీ. మంచానికీ గోడకీ మధ్య ఒకరు నడుస్తుంటే రెండోవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. ఇదేమీ కష్టం కాదు, రైల్లో ఇంతకన్నా ఇరుకులో పడుకున్నాం. కష్టమల్లా చీకటి. లైటు తీసేస్తే వెలుగు రావడానికి ఒక్క సందుండదు. అమావాస్యనాడు పొలంలో కూడా అంత చీకటుండదు, చుక్కలైనా కనబడతాయి.

మొదటి రాత్రి మావారు "ఏమే" అని పిలిచారు. గొంతులో తేడా తెలిసి ఉలిక్కిపడి లేచాను. ఆయన స్విచ్చి కోసం గోడంతా తడుముతున్నారు. మా ఓడలో లైట్లు వెలగాలంటే తలుపు పక్కనున్న గాడిలో తాళం కార్డు ఉండాలి. ఎక్కడైనా పడిపోతుందేమోనని పడుకునేముందు ఆ కార్డు తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నది నేనే. ఆ బ్యాగు ఎక్కడ పెట్టానో చీకట్లో నాకూ తెలియలేదు. దిండు కింద ఫోను దొరికి, దాని వెలుగులో చూద్దును కదా, ఆయన మంచం చివర కూర్చుని రెండు చేతుల్తో పరుపు అంచు గట్టిగా పట్టుకున్నారు. ఆ ఏసీలో కూడా నుదురంతా చెమట. "ఏటిది, తెల్లారిందా లేదా?" అన్నారు. ఓడ గడియారంలో మూడున్నర, మన ఊళ్ళో అప్పుడు రాత్రి ఒంటిగంట. వంశధారకి వరదొస్తే రాత్రుళ్ళు గట్టు మీద కాపలా ఉన్న మనిషి ఆయన. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు గది సర్దడానికొచ్చిన ఇండొనేషియా అబ్బాయికి నాకొచ్చిన ఇంగ్లీషులో సంగతి చెప్పాను. అతను నవ్వలేదు, తేలిగ్గా తీసెయ్యలేదు. టీవీ పెట్టి ఒక ఛానల్ చూపించాడు. ఓడ ముందు భాగాన బిగించిన కెమెరాలోంచి సముద్రం కనబడుతూ ఉంటుంది అందులో. సౌండు తీసేసి రాత్రంతా అలా వదిలెయ్యమన్నాడు. ఆ టీవీయే మాకు కిటికీ అయింది. రాత్రి తెర నల్లగానే ఉంటుంది, ఎప్పుడో ఒకసారి దూరంగా ఇంకో ఓడ దీపం చుక్కలా వచ్చి పోతుంది. తెల్లవారబోతుంటే ముందు నీళ్ళకీ ఆకాశానికీ మధ్య ఒక గీత తేలుతుంది, తరవాత బూడిద రంగు, తరవాత నీలం. మావారు మధ్యలో మెలకువ వస్తే తల తిప్పి తెరకేసి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకునేవారు. ఇక పిలవలేదు.

చాలా ఓడల్లో అలాంటి ఛానల్ ఉంటుంది. కానీ దాన్ని నమ్ముకుని వెళ్ళమని నేను చెప్పను. కిటికీ ఉన్న గదే తీసుకోండమ్మా. బాల్కనీ అక్కర్లేదు, తెరుచుకోని అద్దమైనా చాలు. డబ్బు సరిపోకపోతే నాలుగు రాత్రుల ప్రయాణం మాని మూడు రాత్రులది చూసుకోండి.

"మా ఏజెంటు 'గ్యారంటీ కేబిన్' ఇప్పిస్తానంటున్నాడు. మంచిదేనా?" (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

ఆ మాట వినగానే నేనూ ధీమాగా ఉండిపోయాను బాబూ. గ్యారంటీ అంటే మంచి గది ఖాయమనుకున్నాను. దాని అర్థం వేరు. మీరు డబ్బు కట్టిన రకం గది ఒకటి ఇస్తారు, అంతవరకే గ్యారంటీ. ఏ అంతస్తులో, ఏ మూలన అన్నది కంపెనీ ఇష్టం. ఎవరూ కోరుకోని గదులు మిగిలిపోతే అవి ఇలా సర్దుతారు. అందుకే రేటు తక్కువ.

మాకు 3వ డెక్కులో, ఓడ ముక్కు దగ్గర వచ్చింది. పిల్లలు పార్కులో ఎక్కే ఊగుడు బల్ల చూశారు కదా, చివరన కూర్చున్నవాళ్ళు పైకీ కిందకీ పోతారు, నడిమి భాగం కదలదు. ఓడా అంతే. అలలకి ముక్కు, తోక ఊగినంత మధ్యభాగం ఊగదు. పై అంతస్తులకంటే కిందివి నయం. ఇంకో సంగతి. రేవుకి చేరేటప్పుడు ఓడ ముక్కుని పక్కకి నెట్టడానికి నీటి కింద పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి. పెనాంగ్‌లో అవి తిరిగినంతసేపూ మా బల్ల మీద గాజు గ్లాసు దానంతటది అంచుకి జరుగుతూ వచ్చింది. ఫుకెట్‌లో లంగరు దించినప్పుడైతే లారీలోంచి ఇనప ఊచలు కుమ్మరించినట్టు చప్పుడు. మంచం మీద పడుకున్నవాళ్ళం ఇద్దరం ఒకేసారి లేచి కూర్చున్నాం.

ఫోన్ చేసి అడిగితే ఏజెంటు "ఆ రేటుకి అంతే వస్తుంది మేడం" అన్నాడు. ముందే చెప్పాల్సిన మాట అది. మీరు మాత్రం గది నంబరు రాయించుకున్నాకే డబ్బు కట్టండి. ఆ ఓడ అంతస్తుల పటం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, పిల్లల చేత తీయించండి. మీ గది ఓడ నడిమధ్య ఉండాలి. దానికి పైనా కిందా కూడా గదులే ఉండాలి. పైన వంటిల్లో డాన్సు హాలో ఉంటే నిద్ర ఉండదు.

"అడగడానికి మొహమాటంగా ఉంది. బాత్రూంలో మనకి అలవాటైన సదుపాయం ఉంటుందా?" (ఒక గృహిణి, బొబ్బిలి)

మొహమాటం దేనికమ్మా, అందరి మనసులోనూ ఉండే ప్రశ్నే ఇది. కమోడ్ పక్కన నీళ్ళ పైపు ఉండదు, కాగితమే. నేను ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పెట్టుకెళ్ళాను, అదే మమ్మల్ని కాపాడింది. ఫ్లష్ నొక్కితే నీళ్ళు పారవు, గాలి ఒక్కసారి భూమ్మని లాగేస్తుంది. మూత వేసి నొక్కండి. అందులో ఏమీ పారెయ్యకండి. ఆ గొట్టాలు సన్నవి, ఒక గదిలో అడ్డుపడితే పక్క గదులవాళ్ళక్కూడా ఇబ్బందే.

స్నానాల గది ఎంతంటే, మోచేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గుమ్మానికి జానెడు ఎత్తు గట్టు ఉంది, నీళ్ళు బయటికి రాకుండా. రాత్రుళ్ళు లేచినప్పుడు అది కాలికి తగిలి పడతారు, జాగ్రత్త. ఉతికిన బట్టలు ఆరేసుకోడానికి గోడలోంచి లాగే చిన్న దండెం ఒకటుంది. దాని మీద ఆరు గజాల నూలు చీర ఎనిమిది మడతలు వేసి ఆరేస్తే రెండు రోజులైనా చెమ్మ పోలేదు. సిల్కూ పాలిస్టరూ కలిసిన తేలికపాటి చీరలు పట్టుకెళ్ళండి. ఓడ గోడలు ఇనుమువి కాబట్టి అయస్కాంతం కొక్కేలు అంటుకుంటాయి. నాలుగు కొనుక్కుని వెళ్ళండి, తువ్వాళ్ళకీ సంచులకీ పనికొస్తాయి.

"బీపీ, షుగరు మందులు, ఇస్త్రీ పెట్టె, ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా?" (ఒక రిటైర్డు ఉద్యోగి, నరసన్నపేట)

ఇది కాస్త వివరంగా చెప్పాలండీ, మాకు జరిగింది కనక.

మావారు పొందూరు ఖద్దరు చొక్కాలే వేసుకుంటారు. ఖద్దరు మడత నలిగితే ఆయన మనసు నలిగినట్టే. అందుకని నేను చిన్న ఇస్త్రీ పెట్టె బట్టల మధ్య పెట్టాను. ఓడెక్కేముందు పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుని, గది నంబరున్న కాగితం కట్టి, తరవాత గది గుమ్మం ముందు దింపుతారు. సాయంత్రానికల్లా వరండా పొడుగునా అందరి గుమ్మాల ముందూ పెట్టెలు వచ్చేశాయి. మా గుమ్మం ముందు లేదు. ఏడైంది, ఎనిమిదైంది. రాత్రి వేసుకోవాల్సిన బీపీ మాత్ర ఆ పెట్టెలోనే ఉంది. మావారు పైకి ఏమీ అనలేదు గానీ, రెండు నిమిషాలకోసారి తలుపు తీసి చూస్తున్నారు.

చివరికి కౌంటర్ దగ్గరికెళ్ళి అడిగితే కింద ఒక గదికి పంపారు. అక్కడ మా పెట్టె, దాని చుట్టూ ఇంకో పాతిక పెట్టెలు. ఎక్స్‌రేలో ఇస్త్రీ పెట్టె కనబడి ఆపేశారట. నా ముందే తెరిపించి, ఇస్త్రీ పెట్టె వాళ్ళ దగ్గర ఉంచుకుని చీటీ ఇచ్చారు. దిగే రోజు తిరిగిచ్చారు. మాట మర్యాదగానే ఉంది. నేను కోప్పడలేదు, వాళ్ళు చేసింది సబబే. ఇనప ఓడలో నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే పారిపోడానికి చోటు లేదు. వేడెక్కే వస్తువులన్నీ నిషేధం: ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కరు, నీళ్ళు కాచుకునే కెటిల్. చొక్కాలు అక్కడే డబ్బిచ్చి ఇస్త్రీ చేయించుకోవచ్చు. మేం రెండు చేయించాం.

మందులు మాత్రం ఎప్పుడూ చేతి సంచిలో ఉండాలి, డాక్టరు చీటీతో సహా. ఒక జత బట్టలు కూడా అందులోనే పెట్టుకోండి. ఇంట్లో చేసిన పచ్చళ్ళు, పిండివంటలు చాలా ఓడల్లో రానివ్వరు. సీలు వేసిన ప్యాకెట్లకి సాధారణంగా అభ్యంతరం ఉండదు. మేం తీసుకెళ్ళిన పలాస జీడిపప్పు ప్యాకెట్లు ఎవరూ ముట్టుకోలేదు. కార్తీకంలో మేం ఉల్లీ వెల్లుల్లీ తినం. మొదటి రాత్రి భోజనాల హాల్లో ఆ మాట చెబితే, రెండో రాత్రి నుంచి మాకు విడిగా అన్నం, పప్పు, పెరుగు పెట్టారు.

"రోజూ దీపం పెట్టే అలవాటు. ఓడలో ఎలా?" (ఒక పాఠకురాలు, గజపతినగరం)

దీపం వద్దమ్మా, అగరుబత్తి కూడా వద్దు. పైన చెప్పిన కారణమే. గదిలో పొగని పసిగట్టే యంత్రం ఉంటుంది.

మా ఇల్లు అరసవల్లికి దగ్గర. ఆదివారం గుడికి వెళ్ళకపోతే నాకు వారం మొదలైనట్టే ఉండదు. పొద్దున్నే డాబా మీద సూర్యుడికి దణ్ణం పెట్టుకుని గాని కాఫీ పెట్టను. అలాంటిదాన్ని, సూర్యుడు ఏ పక్కనున్నాడో తెలియని గదిలో పడ్డాను. స్వామి ఫోటో ఒకటి తెచ్చుకున్నాను, అద్దానికి ఆనించి పెట్టాను. సరే, తూర్పు ఎటు? ఫోనులో దిక్సూచి ఆ ఇనప గోడల మధ్య ఒక్కోసారి ఒక్కో దిక్కు చూపిస్తోంది.

పిల్లలకి పటం ముందు నిలబెట్టి పాఠం చెప్పినదాన్ని, ఆ పాఠమే నాకు అక్కరకొచ్చింది. సింగపూర్ నుంచి పెనాంగ్ వెళ్ళాలంటే మలక్కా జలసంధి మీదుగా వాయవ్యంగా వెళ్ళాలి. అంటే ఓడ ముక్కుకి వీపు పెట్టి నిలబడితే నా ఎదురుగా ఆగ్నేయం. కాస్త ఎడమకి తిరిగితే తూర్పు. అక్కడ చూస్తే బట్టల బీరువా తలుపు ఉంది. ఫోటో తీసి ఆ తలుపుకి కొక్కెంతో తగిలించి, దాని ముందు నిలబడి ఆదిత్య హృదయం చదువుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఓడ దిక్కు మారుతుంది కాబట్టి ఫోటో ఎదుటి గోడకి మార్చాను. మావారు మంచం మీద కూర్చుని శ్రద్ధగా చూసి, "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు.

"తిత్లీ తుఫాను చూసినవాళ్ళం. సముద్రం పేరెత్తితేనే మా ఇంట్లో భయం. రాత్రి గదిలో నిద్రపడుతుందా?" (ఒక పాఠకురాలు, పలాస)

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున మీరు పడ్డది మాకూ తెలుసు తల్లీ. కూలిన జీడి తోటలు, కొబ్బరి తోటలు నేను కళ్ళారా చూశాను. ఆ భయం ఉండటంలో తప్పేమీ లేదు.

ఓడ సంగతి చెబుతాను. తుఫాను వస్తోందంటే ఓడ దానికి ఎదురెళ్ళదు. దారి మారుస్తారు, ఒక రేవు మానేస్తారు. డబ్బు కట్టిన ఊరు చూపించలేదని మనం నిష్ఠూరపడకూడదు. మలక్కా జలసంధికి ఒక పక్క సుమత్రా, ఒక పక్క మలేషియా అడ్డుగా ఉంటాయి కాబట్టి అక్కడ మన బంగాళాఖాతంలో లేచినంత అల లేవదు. పెద్ద ఓడకి నీటి కింద రెండు పక్కలా రెక్కల్లాంటివి ఉంటాయి, అవి పక్కలకి ఒరిగిపోకుండా ఆపుతాయి. మాకు ఒక రాత్రి మాత్రం వాన, గాలి. బీరువాలో హ్యాంగర్లు ఒకదానికొకటి టిక్కుటిక్కుమని కొట్టుకున్నాయి. లేచి వాటి మధ్య తువ్వాలు దూర్చాను. ఊయల ఊగినట్టుంది తప్ప కడుపులో తిప్పలేదు. అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి. వాంతుల మాత్ర కావాలంటే ఇక్కడే మీ డాక్టర్నడిగి తీసుకెళ్ళండి, మీరు వాడే మందులతో పడాలి కదా. మీకైతే నేను కచ్చితంగా ఓడ మధ్యలో, కిటికీ ఉన్న గదే చెబుతాను. సముద్రం కనబడుతుంటే భయం పెరుగుతుందని అనుకుంటాం గానీ, మావారి విషయంలో చూశాను, కనబడకపోతేనే పెరుగుతుంది.

"కొత్తగా పెళ్ళయినవాళ్ళం. అంత చిన్న గదిలో నాలుగు రోజులు మీరిద్దరూ పోట్లాడుకోలేదా?" (ఒక పాఠకుడు, విజయనగరం)

పోట్లాడుకున్నాం బాబూ. రెండో రోజు, ఆ ఇస్త్రీ పెట్టె గురించే. "నువ్వు పెట్టబట్టే కదా మాత్ర ఆలస్యమైంది" అన్నారాయన. "మీ చొక్కాల కోసమే కదా పెట్టాను" అన్నాను నేను. ఇంట్లో అయితే ఆయన చెప్పులేసుకుని ఏడురోడ్ల జంక్షన్ దాకా వెళ్ళి, టీ తాగి, కూరగాయలు పట్టుకుని వస్తారు. అప్పటికి నా కోపం పోతుంది. ఈ గదిలో ఎక్కడికి పోతారు? ఒక్క కుర్చీ. ఆయన కుర్చీలో కూర్చుంటే నేను మంచం మీద, మోకాళ్ళు మోకాళ్ళు తగులుతూ. నేనే లేచి పైకి వెళ్ళిపోయాను.

తప్పు అక్కడ చేశాను. ఎక్కడికెళ్తున్నానో చెప్పలేదు. సముద్రంలో మామూలు ఫోను సిగ్నల్ అందదు, ఓడ వైఫై మేం కొనలేదు. ఆయన నా కోసం ఆ 16 అంతస్తులూ లిఫ్టుల్లో తిరిగారు. లిఫ్టంటే ఆయనకి సరిపడదు, అయినా తిరిగారు. గంటన్నర తరవాత లైబ్రరీ మూల నన్ను చూసి, ఏమీ అనకుండా పక్క కుర్చీలో కూర్చున్నారు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. గది వదిలి వెళ్ళేవాళ్ళు అద్దం మీద కాగితం అంటించి వెళ్ళాలి: ఎక్కడికి, ఎన్నింటికి వస్తారు. పొద్దున్న నా స్నానం, చీర కట్టుకోవడం, జపం అయ్యేదాకా గంటసేపు ఆయన బయట నడుస్తారు. మధ్యాహ్నం ఆయన పడుకునే గంట నేను లైబ్రరీలో ఉంటాను. ఒక్క గదిలో ఇద్దరికీ విడివిడిగా ఒక్కో గంట దొరికింది. మీరు కొత్త దంపతులు, మీకిప్పుడు ఇది అక్కర్లేదనిపించవచ్చు. కాగితాలు, పెన్ను మాత్రం పట్టుకెళ్ళండి.

"ఓడలో ముందే ప్రమాదం డ్రిల్లు చేయిస్తారని రాశారు. ఎందుకు మేడం?" (9వ తరగతి విద్యార్థిని, ఆమదాలవలస)

మంచి ప్రశ్న. 1912లో టైటానిక్ మునిగినప్పుడు అందులో ఉన్నవాళ్ళందరికీ సరిపడా పడవలు లేవు. ఆ తరవాత దేశాలన్నీ కూర్చుని 1914లో ఓడల భద్రత కోసం ఒక ఒప్పందం రాసుకున్నాయి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాళ్ళకి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజు కొత్తగా ఎక్కినవాళ్ళకి అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. అందుకని ఇప్పుడు ఓడ కదిలేలోపు, లేదా కదిలిన వెంటనే చేయించాలని నిబంధన.

ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సూచన. గుర్తుపెట్టుకో. మన గది తలుపు వెనక, మనం ఎక్కడికి చేరాలో రాసి ఉంటుంది. లిఫ్టు ఎక్కకూడదు. మావారు డ్రిల్లు అయ్యాక మా గది నుంచి మెట్ల దాకా తలుపులు లెక్కపెట్టారు, కుడిచేతి వైపు పదకొండు. తరవాత కళ్ళు మూసుకుని గోడ తడుముతూ ఒకసారి నడిచి చూసుకున్నారు. నన్నూ నడిపించారు.

చిన్న చిన్న ప్రశ్నలు కొన్ని కలిపి.

విశాఖ నుంచే ఎక్కలేమా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ విశాఖ వచ్చి పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో విహార ఓడల కోసం టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఓడ ఎప్పుడెప్పుడు ఉంటుందో ఆ ఏడాదికా ఏడాది కనుక్కోవాలి. సింగపూర్ వెళ్ళేవాళ్ళు, మళ్ళీ అక్కడే దిగుతారు కాబట్టి రెండుసార్లు ప్రవేశానికి చెల్లే వీసా ఉందో లేదో చూసుకోండి.

టిక్కెట్టు డబ్బు కాక ఇంకేం ఖర్చు? సిబ్బందికిచ్చే టిప్పు అని రోజుకి, తలకి, ఇంతని మన ఖాతాలో వేస్తారు. మాకు రోజుకి తలకి 18 డాలర్లు, నాలుగు రోజులకి ఇద్దరికీ 144 డాలర్లయింది. ఏజెంటు ఈ మాట చెప్పలేదు. ఫోను ఓడెక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఓడ మీది నెట్‌వర్కు పట్టుకుని బిల్లు వాచిపోతుంది. వరండాలో తలుపులన్నీ ఒక్కలాగే ఉంటాయి. మేం అరసవల్లి స్వామి బొమ్మ ఉన్న ఫ్రిజ్ అయస్కాంతం మా తలుపుకి పెట్టుకున్నాం. ఏసీ చలి ఎక్కువ, శాలువా మర్చిపోవద్దు.

"మా నాయన కళింగపట్నంలో స్టీమరెక్కి రంగం వెళ్ళేవాడు. డెక్కు మీద చాప వేసుకుని పడుకునేవారని చెప్పేవాడు. ఇప్పటి ఓడల్లో కూడా అలాంటి డెక్కు టిక్కెట్టు ఉంటుందా అమ్మా?" (ఒక పెద్దాయన, కళింగపట్నం)

అయ్యా, మీ ఉత్తరం మావారికి చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమన్నారు.

విహార ఓడల్లో డెక్కు టిక్కెట్టు ఉండదండీ. ఎక్కిన ప్రతివాళ్ళకీ గది ఉండాల్సిందే. మావారి తాతగారు కూడా మీ నాయనగారిలాగే రంగం వెళ్ళినవారే. ఈ తరం పిల్లలకి చెప్పాలి, రంగం అంటే రంగూన్. "రంగమెల్లిపోనాడు" అని మన పల్లెల్లో ఇంటికొకరి గురించి చెప్పుకునేవారు. అక్కడ మనవాళ్ళని కోరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఎందరో కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. మావారి తాతగారు అంతకు రెండేళ్ళ ముందే వచ్చేశారు, లేకపోతే ఏమయ్యేవారో. మూటలో అటుకులు, బెల్లం, ఒక చెంబు, ఒక చాప, ఇంతే ఆయన సామాను. స్టీమరు ఒడ్డుకి రాలేదు, దూరాన లంగరేసి ఉండేది, నాటుపడవలో వెళ్ళి ఎక్కేవారట.

ఫుకెట్‌లో మా ఓడ కూడా ఒడ్డుకి వెళ్ళలేదండీ. సముద్రంలోనే ఆగితే చిన్న పడవల్లో దింపారు. పడవలోకి దిగేటప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. కూర్చున్నాక మావారు వెనక్కి తిరిగి ఆ ఓడని కింద నుంచి పైదాకా చాలాసేపు చూశారు. "మా తాత ఇలాగే ఎక్కుంటాడు" అన్నారు.

ఆఖరి రాత్రి పెద్ద పెట్టెలు పదకొండు లోపు గుమ్మం బయట పెట్టెయ్యాలి, రాత్రికి రాత్రే తీసుకుపోతారు. చేతి సంచి తప్ప గదిలో ఇంకేం మిగల్లేదు. మావారు మంచం మీద దుప్పటి తీసి భుజాన వేసుకుని "పద, పైకి పోదాం" అన్నారు. పై డెక్కు మీద రెండు పడక కుర్చీలు దగ్గరికి జరుపుకుని పడుకున్నాం. గాలికి దుప్పటి ఎగిరిపోతుంటే అంచులు కాళ్ళ కింద దూర్చుకున్నాం. ఆయన ఒక్కో చుక్కా చూపిస్తూ, గట్టు మీద కాపలా రోజుల్లో టైము ఎలా తెలుసుకునేవారో చెప్పారు. మధ్యలో ఎప్పుడో ఇద్దరికీ నిద్ర పట్టింది. నాలుగింటికి నేల కడిగేవాళ్ళు వచ్చి, మమ్మల్ని లేపకుండా మా కుర్చీల చుట్టూ వదిలేసి మిగతాదంతా కడుక్కుంటూ వెళ్ళారు.

చీకటుండగానే సింగపూర్ దగ్గరికొచ్చాం. చుట్టూ ఎటు చూసినా లంగరేసిన ఓడల దీపాలు. కాస్త వెలుగు రాగానే నేను లేచి తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకున్నాను, ఈసారి లెక్క వేసుకోవాల్సిన పని లేకపోయింది. తిరిగి చూస్తే మావారు దుప్పటి మడత పెట్టడం లేదు, చాప చుట్టినట్టు చుట్టి చంకలో పెట్టుకుని నా కోసం నిలబడి ఉన్నారు.